రోగనిరోధక కణ చికిత్స ట్రయల్‌లో చేరే ముందు: మొండి రక్త క్యాన్సర్ రోగులకు, కుటుంబాలకు మార్గదర్శిని

రెండు మూడు రకాల కీమోథెరపీకి లొంగని లుకేమియా, మూలకణ మార్పిడి తర్వాత కూడా తిరగబెట్టిన లింఫోమా, మందు మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు తగ్గి మళ్లీ తలెత్తే మల్టిపుల్ మైలోమా: ఇలాంటి స్థితిలో వైద్యులు "కార్-టి ట్రయల్ ఒకటి ఉంది, ఆలోచించండి" అన్నప్పుడు కుటుంబసభ్యుల మనసులో నిలిచేది చాలావరకు 'కార్-టి' అన్న మాటే. అది ఇంకా పరీక్షలో ఉన్న చికిత్స అన్న సంగతి సంతకం పెట్టిన తర్వాత గాని బోధపడదు. సంతకానికి ముందే ఆ సంగతిని పూర్తిగా అర్థం చేసుకోవడానికి ఏం చదవాలో, ఎవరిని ఏమడగాలో, చేరిన తర్వాత ఒక్కొక్క దశను ఎలా దాటాలో ఇక్కడ వివరిస్తున్నాను. చేరమని గాని, చేరవద్దని గాని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ నిర్ణయం రోగిదీ, ఆ రోగిని చూస్తున్న హెమటాలజిస్టుదీ (రక్తవ్యాధుల నిపుణుడిదీ). అది అన్నీ తెలిసి తీసుకున్న నిర్ణయం కావాలన్నదే నా కోరిక.

ముందుగా చికిత్స గురించి క్లుప్తంగా తెలుసుకుందాం. రోగి రక్తంలోంచి టి కణాలను (ఒంటిని కాపాడే ఒక రకం తెల్లకణాలను) వేరుచేసి, ప్రయోగశాలలో వాటిలోకి ఒక కొత్త జన్యువును ప్రవేశపెడతారు. ఆ జన్యువు వల్ల కణం ఉపరితలం మీద కైమెరిక్ యాంటిజెన్ రిసెప్టర్ (పొడి అక్షరాలలో 'కార్') అనే కృత్రిమ గ్రాహకం ఏర్పడుతుంది. క్యాన్సర్ కణం మీద ఉండే ఒక గుర్తును, అంటే బి కణాల లుకేమియా, లింఫోమాలలో సీడీ19ను, మైలోమాలో బీసీఎంఏను, ఆ గ్రాహకం పట్టుకోగానే టి కణం దాడి మొదలుపెడుతుంది. 2012లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో ఈ చికిత్స పొందిన ఎమిలీ వైట్‌హెడ్ అనే బాలిక కోలుకోవడంతో ప్రపంచం దృష్టి దీని మీద పడింది. 2017 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ టిసాజెన్‌లెక్లూసెల్ అనే మొదటి కార్-టి ఉత్పత్తిని ఆమోదించింది. ఆ తర్వాత మరికొన్ని వచ్చాయి.

అయినా పరీక్షించవలసినది ఇంకా చాలా ఉంది. రోగి కణాలకు బదులు దాత కణాలు వాడితే ఎలా ఉంటుంది, ఒకేసారి రెండు గుర్తుల మీద గురిపెడితే వ్యాధి తిరగబెట్టడం తగ్గుతుందా, చివరి అస్త్రంగా కాక ముందుగానే వాడితే మేలా అన్నవి ఇప్పటి ట్రయల్స్ అడుగుతున్న ప్రశ్నలు. అక్యూట్ మైలాయిడ్ లుకేమియాలో చిక్కు వేరు. ఆ వ్యాధి కణాల మీద ఉండే సీడీ33, సీడీ123 వంటి గుర్తులు ఆరోగ్యకరమైన రక్తకణాల మీద, వాటికి పుట్టిల్లయిన మూలకణాల మీద కూడా కనిపిస్తాయి కనుక, క్యాన్సర్‌ను చంపబోయి ఎముక మజ్జనే ఖాళీ చేసే ప్రమాదం ఉంది. టి కణాల లుకేమియాలోనైతే గురిపెట్టే గుర్తు టి కణాలన్నిటి మీదా ఉండవచ్చు కనుక, తయారుచేసిన కణాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. దీన్ని దాటడానికి జన్యు అక్షరాలను సవరించిన దాత కణాలను 2022లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రిలో 13 ఏళ్ల బాలికకు తొలిసారిగా ఇచ్చారు. మీకు చెప్పిన ట్రయల్ ఈ ప్రశ్నలలో దేనికి జవాబు వెతుకుతోందన్నదే మీరు మొదట తెలుసుకోవలసిన విషయం.

నమోదు పత్రంతో మొదలుపెట్టండి

ట్రయల్ రిజిస్ట్రేషన్ సంఖ్య అడిగి తీసుకోండి. నిజమైన క్లినికల్ ట్రయల్ ఏదైనా ఒక బహిరంగ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. అమెరికా ప్రభుత్వ రిజిస్ట్రీలో ఆ సంఖ్య 'ఎన్‌సీటీ' అన్న అక్షరాలతో మొదలై 8 అంకెలతో ఉంటుంది. వివిధ దేశాల రిజిస్ట్రీలను ఒకేచోట వెతకడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపే వేదిక ఉంది. సంఖ్య చెప్పడానికి వెనుకాడేవారి దగ్గర ఇక మాట్లాడవలసినది ఏమీ లేదు.

అయితే నమోదు కావడమే ఆమోదం పొందడం కాదు. రిజిస్ట్రీలో పేరు ఉన్నంత మాత్రాన ఆ పరీక్ష సురక్షితమని ఏ ప్రభుత్వమూ హామీ ఇచ్చినట్లు కాదు. నైతిక కమిటీ అనుమతి, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి వేర్వేరుగా ఉండాలి. రెండింటి గురించీ విడివిడిగా అడగండి. 'మీ రోగనిరోధక కణాలను పెంచి మీకే ఎక్కిస్తాం' అని చెప్పి, ఏ నియంత్రణ సంస్థకూ జవాబుదారీ కాకుండా డబ్బు వసూలు చేసే క్లినిక్‌లు కూడా 'ఇమ్యూన్ సెల్ థెరపీ' అన్న పేరునే వాడుకుంటున్నాయి. ప్రయోగాత్మక కణాలకు రోగి దగ్గరే మొత్తం ఖర్చు అడుగుతున్నారంటే అక్కడ ఆగి, మీ వైద్యుడితో మాట్లాడకుండా అడుగు ముందుకు వేయవద్దు.

నమోదు పత్రంలో నాలుగు చోట్ల ఎక్కువసేపు ఆగండి. ట్రయల్ ఏ దశలో ఉంది, ఎంతమందిని చేర్చుకోవాలనుకున్నారు, ప్రధాన ఫలితంగా దేన్ని కొలుస్తారు, ఆ పత్రాన్ని చివరిసారి ఎప్పుడు సవరించారు అన్నవే ఆ నాలుగు. పాత సవరణలన్నీ చూసే వీలు కూడా అక్కడే ఉంటుంది. ప్రధాన ఫలితాన్ని గాని, చేర్చుకునే సంఖ్యను గాని మధ్యలో మార్చి ఉంటే ఎందుకు మార్చారని అడగడానికి సంకోచించకండి. దానికి సరైన కారణం ఉండవచ్చు, కాని ఆ కారణం మీకు తెలియాలి.

దశ మారితే మీ స్థానమూ మారుతుంది

మొదటి దశ ట్రయల్ ఉద్దేశం రోగిని నయం చేయడం కాదు. ఎంత మోతాదు వరకు భరించవచ్చో కనుక్కోవడం దాని లక్ష్యం. ఈ మాట వినడానికి కష్టంగా ఉంటుంది గాని, దీన్ని దాచిపెట్టే సమ్మతి పత్రం మంచి పత్రం కాదు. చాలా ట్రయల్స్ అనుసరించే పద్ధతిలో ముగ్గురు రోగులకు ఒక మోతాదు ఇస్తారు. ఎవరికీ తీవ్రమైన దుష్ప్రభావం రాకపోతే తరువాతి ముగ్గురికి పెద్ద మోతాదు ఇస్తారు. ఒక్కరికి వస్తే అదే మోతాదులో మరో ముగ్గురిని చేరుస్తారు. ఇద్దరికి వస్తే అక్కడితో మోతాదు పెంచడం ఆపేస్తారు. అందువల్ల తొలి వరుసలో చేరినవారికి పనిచేయలేనంత తక్కువ మోతాదు అందే అవకాశం ఉంది, చివరి వరుసలో చేరినవారికి భరించలేనంత ఎక్కువ అందే అవకాశమూ ఉంది. "నేను ఏ మోతాదు వరుసలో చేరుతున్నాను? నాకంటే ముందు ఎంతమందికి ఈ కణాలు ఎక్కించారు? వారికి ఏం జరిగింది?" అన్న ప్రశ్నలను పరిశోధకుడిని నేరుగా అడగండి. ముందు రోగుల పేర్లు చెప్పరు, చెప్పకూడదు. కాని ఎంతమందికి ఏం జరిగిందో తప్పక చెప్పాలి.

రెండో దశలో నిర్ణీత మోతాదుతో ఫలితం ఎలా ఉందో చూస్తారు. మూడో దశలో రోగులను లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి కార్-టి, రెండో వర్గానికి అప్పటికి ప్రామాణికమైన చికిత్స ఇస్తారు. ఏ వర్గంలో పడతారన్నది మీ చేతిలోనూ ఉండదు, వైద్యుడి చేతిలోనూ ఉండదు. ప్రామాణిక చికిత్స విఫలమైతే తర్వాత కార్-టికి మారే వీలు ఆ ట్రయల్‌లో ఉందో లేదో ముందే తెలుసుకోండి. కొన్ని ట్రయల్స్‌లో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు.

ఇంత తతంగం అవసరమా అని అనిపించేవారికి రెండు ట్రయల్స్ ఫలితాలు చూపించాలి. పెద్ద బి కణ లింఫోమా మొదటి చికిత్సకు లొంగనివారిలో, లేదా కొద్దికాలానికే తిరగబెట్టినవారిలో, కార్-టిని రెండో చికిత్సగా వాడితే ఎలా ఉంటుందో జూమా-7, బెలిండా అనే రెండు మూడో దశ ట్రయల్స్ పరీక్షించాయి. రెండింటిలోనూ గురి సీడీ19 మీదే. జూమా-7లో 359 మంది చేరారు. వ్యాధి ముదరడం, కొత్త చికిత్స మొదలుపెట్టవలసి రావడం, మరణం వంటివి లేకుండా గడిచిన కాలం మధ్యగత విలువ (సగం మందికి అంతకంటే తక్కువ, సగం మందికి ఎక్కువ) కార్-టి వర్గంలో 8.3 నెలలు, ప్రామాణిక వర్గంలో 2 నెలలు. బెలిండాలో 322 మంది చేరారు. అక్కడ రెండు వర్గాలలోనూ అది 3 నెలలే. ఉత్పత్తులూ వేరు, రోగుల ఎంపికా వేరు. వాటితోపాటు బెలిండాలో కణాలు సేకరించిన రోజు నుంచి ఎక్కించిన రోజు వరకు మధ్యగతంగా 52 రోజులు గడిచాయి. ఆ ఎదురుచూపులో, ఆరో వారానికే, కార్-టి వర్గంలో నాలుగింట ఒక వంతు మందికి పైగా వ్యాధి ముదిరింది. ఒకే సూత్రం మీద తయారైన చికిత్సలు రెండూ ఒకే ఫలితం ఇస్తాయని ఊహించి ఊరుకుని ఉంటే ఈ తేడా ఎవరికీ తెలిసేది కాదు.

శాతాలను ఎలా చదవాలి

నా దృష్టిలో కుటుంబసభ్యులు నేర్చుకోవలసిన విద్యలలో ఇదే ముఖ్యం. ఎవరైనా ఒక శాతం చెప్పినప్పుడు 'ఎంతమందిలో?' అని అడగాలి. పిల్లలు, యువకులలో అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియాకు టిసాజెన్‌లెక్లూసెల్‌ను పరీక్షించిన ఎలియానా ట్రయల్‌ను తీసుకోండి. మూడు నెలల లోపల 81 శాతం మందిలో వ్యాధి కనిపించకుండా పోయిందన్నది దాని ప్రసిద్ధ ఫలితం. అది కణాలు ఎక్కించుకున్న 75 మందిలో 61 మంది. కాని ట్రయల్‌లో చేరినవారు 92 మంది. మిగిలిన 17 మందిలో కొందరికి కణాలు తయారు కాలేదు, కొందరు కణాలు అందేలోపే మరణించారు, కొందరి పరిస్థితి ఎక్కించడానికి వీలులేనంతగా దిగజారింది. చేరిన 92 మందినీ లెక్కలోకి తీసుకుంటే అదే ఫలితం 66 శాతం అవుతుంది. రెండు అంకెలూ నిజమే. అయితే ఈరోజు సమ్మతి పత్రం ముందు కూర్చున్న మనిషి ఇంకా 92 మందిలో ఒకరు, 75 మందిలో ఒకరు కారు. ఆ మనిషికి వర్తించేది రెండో అంకె.

రెండో ప్రశ్న 'ఎంతకాలం తర్వాత?' అన్నది. ఎలియానాలోనే ఏడాది గడిచేసరికి వ్యాధి తిరగబెట్టడం వంటివి లేకుండా ఉన్నవారు సుమారు 50 శాతం, బతికి ఉన్నవారు 76 శాతం. పెద్దల లింఫోమాలో యాక్సికాబ్టాజీన్ సైలొలూసెల్ అనే మరో కార్-టి ఉత్పత్తిని పరీక్షించిన జూమా-1లో కణాలు అందుకున్న 101 మందిలో 80 శాతానికి పైగా స్పందించారు. ఐదేళ్లకు బతికి ఉన్నవారు 42.6 శాతంగా అంచనా వేశారు. చేయగలిగినదంతా అయిపోయిందనుకున్న రోగులలో ఐదేళ్లకు పదిమందిలో నలుగురు బతికి ఉండడం చాలా గొప్ప విషయం. కాని అది మొదటి నెలలో వినిపించే 80 శాతం కాదు.

మూడోది, 'వ్యాధి లేదు' అన్నది ఏ పరీక్షతో తేల్చారన్న ప్రశ్న. సూక్ష్మదర్శిని కింద మజ్జ బాగుందనిపించినా, కణాలను వాటి గుర్తులను బట్టి యంత్రంతో లెక్కించే ఫ్లో సైటోమెట్రీలో పదివేల కణాలకు ఒకటి, జన్యు క్రమాన్ని చదివే పరీక్షలో పది లక్షల కణాలకు ఒకటి చొప్పున దాగి ఉన్న క్యాన్సర్ కణాలు బయటపడవచ్చు. దీన్ని మిగిలిన సూక్ష్మ వ్యాధి కొలత అని, పొడి అక్షరాలలో ఎంఆర్‌డీ అని అంటారు. రెండు ట్రయల్స్ ఫలితాలను పోల్చేటప్పుడు ఈ కొలత ఒకటేనో కాదో చూడండి.

అర్హతను, వరుసను ముందే ఆలోచించండి

వయసు, గుండె, కిడ్నీ, కాలేయాల పనితీరు, రోగి ఎంతమేర తన పనులు తాను చేసుకోగలుగుతున్నారన్నది, హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ పరీక్షలు, గర్భం లేదన్న నిర్ధారణ దాదాపు ప్రతి ట్రయల్‌లోనూ అడుగుతారు. వాటి గురించి ఇంతకంటే చెప్పవలసిన పని లేదు.

చాలామంది గమనించని సంగతి వరుస. ఇంతకుముందు జన్యు మార్పిడి కణ చికిత్స పొందినవారిని చాలా ట్రయల్స్ తీసుకోవు. కాబట్టి ఈరోజు ఒక మొదటి దశ ట్రయల్‌లో చేరితే, రేపు దీనికంటే సరైన మరో ట్రయల్ తలుపు మూసుకుపోవచ్చు. అలాగే మైలోమాలో బీసీఎంఏ మీద గురిపెట్టే ఇంజెక్షన్లు ముందు తీసుకుంటే, తర్వాత అదే గుర్తు మీద పనిచేసే కార్-టి ఫలితం తగ్గవచ్చు. బెండమస్టీన్ వంటి కీమో మందు టి కణాలను దెబ్బతీస్తుంది కనుక, కణాలు సేకరించే ముందు దాన్ని ఇవ్వడం గురించి వైద్యులు జంకుతారు. అందుకే ట్రయల్ ఆలోచన ఉంటే, మధ్యలో మరో కీమోథెరపీ మొదలుపెట్టక ముందే ట్రయల్ కేంద్రంతో మీ వైద్యుడిని మాట్లాడమనండి. ఇప్పటికే ఆమోదం పొందిన కార్-టి మీ వ్యాధికి అందుబాటులో ఉంటే, దాన్ని పక్కనపెట్టి ట్రయల్ ఉత్పత్తిని ఎందుకు ఎంచుకోవాలన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు రావాలి.

సమ్మతి పత్రం

దాన్ని ఇంటికి తీసుకెళ్లి చదివే హక్కు మీకు ఉంది. రోగి ఒక్కరే కాకుండా, రోగికి తోడుండేవారు విడిగా చదివి, అర్థం కాని ప్రతి వాక్యం పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, ఆ గుర్తులతోనే తర్వాతి సమావేశానికి రావడం మంచి పద్ధతి. మీ భాషలో పత్రం ఇవ్వమని అడగండి. ఒకరు నోటితో అనువదించి చెప్పిన దాని మీద సంతకం పెట్టవద్దు.

ఎప్పుడైనా ట్రయల్ నుంచి తప్పుకోవచ్చని ప్రతి పత్రంలోనూ ఉంటుంది. ఆ హక్కు వాస్తవమే గాని, కణాలు ఒంట్లోకి వెళ్లాక దాని అర్థం మారుతుంది. తదుపరి పరీక్షలకు రాననవచ్చు, సమాచారం ఇవ్వననవచ్చు. ఎక్కించిన కణాలను మాత్రం వెనక్కి తీయలేరు. కొన్ని కొత్త ఉత్పత్తులలో అవసరమైతే కణాలను చంపడానికి ఒక భద్రతా మీట వంటి జన్యువును చేరుస్తున్నారు. మీ ట్రయల్‌లో అది ఉందో లేదో అడగండి.

ఇంకా అడగవలసినవి ఉన్నాయి. కణాలు తయారు కాకపోతే రెండోసారి ప్రయత్నిస్తారా? నాణ్యతా ప్రమాణాన్ని అందుకోని కణాలు వస్తే వాటిని ఇస్తారా, ఇస్తే ఎవరి అనుమతితో ఇస్తారు? ఐసీయూ ఖర్చు, ప్రయోగం వల్ల కలిగే హానికి చికిత్స ఖర్చు ఎవరిది? స్వతంత్ర భద్రతా పర్యవేక్షణ సంఘం ఉందా, ఇప్పటివరకు అది ట్రయల్‌ను ఎప్పుడైనా ఆపిందా? చివరి ప్రశ్నను మర్యాదకు వదిలేయకండి. పెద్దల లుకేమియాలో జేకార్015 అనే ఉత్పత్తి మీద జరిగిన ట్రయల్‌లో మెదడు వాపుతో ఐదుగురు మరణించారు. 2016లో దాన్ని ఒకసారి ఆపి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆపవలసి వచ్చింది. 2017లో ఆ ఉత్పత్తినే వదిలేశారు. ఆ మరణాల నుంచి నేర్చుకున్న జాగ్రత్తలు ఈరోజు చాలా ట్రయల్ పత్రాలలో ఉన్నాయి.

పిల్లలు కావాలనుకునే వయసులో ఉన్నవారు వీర్యం లేదా అండాలను నిల్వచేసే విషయాన్ని ఈ దశలోనే తేల్చుకోవాలి. తర్వాత సమయం దొరకదు.

సేకరణ, ఎదురుచూపు

కణాలు సేకరించే ప్రక్రియను ల్యూకాఫెరెసిస్ అంటారు. రెండు చేతులకో, లేదా మెడ దగ్గర పెట్టిన గొట్టానికో యంత్రాన్ని కలిపితే, రక్తం ఒకవైపు నుంచి వెళ్లి తెల్లకణాలను వదిలి రెండోవైపు నుంచి తిరిగి వస్తుంది. కొన్ని గంటలు కదలకుండా పడుకోవాలి. యంత్రంలో రక్తం గడ్డకట్టకుండా కలిపే ద్రవం ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది కాబట్టి పెదవుల చుట్టూ, వేళ్ల చివర్లలో చీమలు పాకినట్లు ఉంటుంది. అలా అనిపించిన క్షణంలోనే నర్సుకు చెప్పండి, ఓర్చుకోనవసరం లేదు. కాల్షియం ఇస్తే తగ్గిపోతుంది. సేకరణకు ముందు ఏ మందులు ఎన్ని రోజుల ముందు ఆపాలో, ముఖ్యంగా స్టెరాయిడ్లు, రాతపూర్వకంగా తీసుకోండి.

ఆ తర్వాత కణాలు తయారై రావడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. రోగికి అన్నిటికంటే ప్రమాదకరమైన రోజులు ఇవే అనవచ్చు, ఎందుకంటే వ్యాధి ఆగి ఉండదు. వ్యాధిని అదుపులో ఉంచడానికి ఈలోపు ఇచ్చే చికిత్సను బ్రిడ్జింగ్ అంటారు. దానికి ట్రయల్ అనుమతిస్తుందా, ఏ మందులను అనుమతిస్తుంది, అది మీ ఊళ్లో ఇస్తారా లేక కేంద్రంలోనే ఇస్తారా అన్నవి ముందే తెలిసి ఉండాలి. ఈ వారాలలో జ్వరం, కొత్త నొప్పి, గడ్డ పెరుగుదల ఏది కనిపించినా కేంద్రానికి ఫోన్ చేయండి. ఇన్ఫెక్షన్ ఉంటే కణాలు ఎక్కించడం వాయిదా పడుతుంది.

ఎక్కించిన మొదటి నెల

కణాలు వచ్చాక ఫ్లూడరాబిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే రెండు కీమో మందులను సాధారణంగా మూడు రోజులు ఇస్తారు. ఇది క్యాన్సర్ కోసం కాదు, కొత్త కణాలు పెరగడానికి చోటు చేయడం కోసం. కణాలు ఎక్కించడం మాత్రం చూసేవారిని ఆశ్చర్యపరిచేంత చిన్న పని. గడ్డకట్టి ఉన్న చిన్న సంచిని మంచం పక్కనే కరిగించి, రోగి పేరునూ సంఖ్యనూ ఇద్దరు సిబ్బంది సరిచూసి ఎక్కిస్తారు. కొన్ని నిమిషాలలో అయిపోతుంది. నిల్వ ద్రవం వల్ల గదిలో ఘాటైన వాసన వస్తుంది, దానికి భయపడవద్దు.

అసలైన కాపలా ఆ తర్వాత మొదలవుతుంది. కణాలు వేగంగా పెరిగి దాడి చేసేటప్పుడు రక్తంలోకి పెద్దఎత్తున విడుదలయ్యే రసాయనాల వల్ల సైటోకైన్ రిలీజ్ సిండ్రోమ్ వస్తుంది. మొదటి గుర్తు జ్వరం. 38 డిగ్రీల సెల్సియస్ తాకగానే ఫోన్ చేయాలి. ఫోన్ చేయకముందు జ్వరం తగ్గించే మాత్ర వేయవద్దు, ఎందుకంటే వైద్యులకు కావలసిన గుర్తు కనిపించకుండా పోతుంది. జ్వరంతోపాటు రక్తపోటు పడిపోవడం, ఆక్సిజన్ తగ్గడం ఉంటే తీవ్రత పెరిగినట్లు. కీళ్లవాతానికి తయారైన టోసిలిజుమాబ్ అనే మందు దీన్ని చాలామందిలో త్వరగా అణచివేస్తుంది. 2012లో ఎమిలీ వైట్‌హెడ్ ప్రాణం నిలబెట్టినదీ అదే. 2017లో కార్-టి ఆమోదం పొందిన రోజునే దీనికి కూడా ఈ ఉపయోగానికి ఆమోదం లభించింది. మీ కేంద్రంలో ఆ మందు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుందా అని అడగండి.

రెండో ప్రమాదం మెదడుకు సంబంధించినది. దాన్ని కనిపెట్టే పరీక్ష ఎంత సాదాగా ఉంటుందో చెప్పాలి. సంవత్సరం, నెల, ఊరు, ఆసుపత్రి పేర్లకు నాలుగు మార్కులు. చూపించిన మూడు వస్తువుల పేర్లకు మూడు. చెప్పిన పని చేస్తే ఒకటి. వంద నుంచి పదేసి తగ్గిస్తూ లెక్కపెడితే ఒకటి. ఒక వాక్యం రాస్తే ఒకటి. మొత్తం పది. ఆ వాక్యం కోసం ఒక నోటుపుస్తకం పెట్టుకుని, తేదీ వేసి, రోజూ ఒకే వాక్యాన్ని ఒకదాని కింద ఒకటిగా రాయించండి. మాట ఇంకా బాగానే ఉన్న రోగి రాతలో మార్పు ముందే కనబడవచ్చు: నిన్నటిదాకా గీత మీద నిలిచిన అక్షరాలు కిందికి జారతాయి, ఒత్తు వదిలిపోతుంది, మూడో పదం సగంలో పెన్ను ఆగిపోతుంది, రోగికి మాత్రం తాను సరిగానే రాశానన్న నమ్మకం ఉంటుంది. అలాంటి పేజీ చూస్తే ఉదయం రౌండ్స్ వరకు ఆగవద్దు. రోజూ ఆ మనిషితో ఉన్నవారు మాత్రమే పట్టుకోగలిగే తేడా ఇది. అందుకే తోడుండే వ్యక్తి ఇరవైనాలుగు గంటలూ ఉండాలని ట్రయల్స్ పట్టుబడతాయి. మొదటి నెలలో ఆ తోడు ఎవరో, వారికి ఒంట్లో బాగాలేకపోతే రెండోవారు ఎవరో ముందుగానే రాసి పెట్టుకోండి.

కేంద్రానికి దగ్గరలో ఎన్నాళ్లు ఉండాలి, వాహనం నడపకుండా ఎన్నాళ్లు ఉండాలి అన్నవి ట్రయల్‌ను బట్టి మారతాయి. ఆమోదిత ఉత్పత్తులకు ఎఫ్‌డీఏ 2025లో ఈ రెండింటినీ రెండు వారాలకు తగ్గించింది. అంతకుముందు దగ్గరలో ఉండవలసినది నాలుగు వారాలు, వాహనం నడపకూడనిది ఎనిమిది వారాలు. కాని ట్రయల్‌లో ఉన్న కొత్త ఉత్పత్తికి ట్రయల్ నియమమే వర్తిస్తుంది. మరెవరికో సడలించారని మీరు సడలించుకోవద్దు.

ఫలితం, ఆ తర్వాతి సంవత్సరాలు

సుమారు నాలుగు వారాలకు మొదటి పరీక్ష ఉంటుంది. లుకేమియాలో మజ్జ, లింఫోమాలో పెట్ స్కాన్, మైలోమాలో రక్తం, మూత్రం, మజ్జ చూస్తారు. లింఫోమాలో మొదటి స్కాన్‌లో పాక్షికంగా తగ్గినట్లు కనిపించినవారిలో కొందరికి తర్వాతి నెలలలో పూర్తిగా తగ్గిపోవడం ఉంది కాబట్టి, మొదటి నివేదికనే తుది తీర్పుగా తీసుకోవద్దు. లుకేమియాలో మరో సూచిక ఉంది. సీడీ19 గుర్తు మామూలు బి కణాల మీద కూడా ఉంటుంది కనుక, దాని మీద గురిపెట్టే కార్-టి కణాలు ఒంట్లో పనిచేస్తున్నంతకాలం అవి కూడా ఉండవు. మామూలు బి కణాలు చాలా త్వరగా తిరిగి కనిపిస్తే, కాపలా కణాలు తగ్గిపోయాయని వైద్యులు అప్రమత్తమవుతారు. బి కణాలు లేకపోతే ఇమ్యూనోగ్లోబులిన్లు (ఇన్ఫెక్షన్లతో పోరాడే యాంటీబాడీలు) తగ్గి ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. అవసరమైనవారికి వాటిని బయటి నుంచి ఎక్కిస్తారు.

వ్యాధి తిరగబెడితే, తొందరపడి మరో చికిత్స మొదలుపెట్టకుండా మళ్లీ బయాప్సీ చేయించి గుర్తు ఇంకా ఉందో లేదో చూడమని అడగండి. క్యాన్సర్ కణాలు సీడీ19ను వదిలించుకుని తప్పించుకున్నాయంటే దారి వేరు (సీడీ22 వంటి మరో గుర్తు మీద పనిచేసే ట్రయల్స్ ఉన్నాయి). గుర్తు ఉండగానే తిరగబెట్టిందంటే దారి వేరు.

జన్యువు మార్చిన కణాలు కనుక 15 ఏళ్ల పర్యవేక్షణ ఉంటుంది. అది ఎందుకో ఒక ఉదాహరణ చాలు. 2023 చివరికి 27,000కు పైగా మోతాదులు ఇచ్చిన తర్వాత, టి కణాల నుంచే పుట్టిన కొత్త క్యాన్సర్లు 22 కేసులు ఎఫ్‌డీఏ దృష్టికి వచ్చాయి. 2024లో ఉత్పత్తుల మీద ఆ హెచ్చరిక చేర్చమని ఆదేశించారు. అరుదైనదే, కాని చికిత్స పొందినవారిని ఏళ్ల తరబడి చూస్తూ ఉండకపోతే ఇది బయటపడేది కాదు. అదే పర్యవేక్షణ మంచి వార్తను కూడా తెచ్చింది. 2010లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కణాలు ఎక్కించుకున్న ఇద్దరు దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా రోగులలో పదేళ్ల తర్వాత కూడా ఆ కణాలు బతికే ఉన్నాయని, వ్యాధి తిరిగి రాలేదని 2022లో ప్రచురించారు.

ఇల్లు మారినా, ఫోన్ నంబరు మారినా ట్రయల్ కేంద్రానికి తెలియజేయండి. కేంద్రం ఇచ్చిన గుర్తింపు కార్డును ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి. ఎక్కడ రక్తం ఎక్కించవలసి వచ్చినా, ఫ్లూడరాబిన్ తీసుకున్న సంగతి, రేడియేషన్ చేసిన రక్తమే కావాలన్న సంగతి చెప్పండి. రక్తదానం, అవయవదానం చేయకూడదు. లెంటీవైరస్‌తో (జన్యువును కణంలోకి చేర్చడానికి వాడే, హెచ్‌ఐవీ కుటుంబపు వైరస్‌తో) తయారైన కణాలు అందుకున్నవారిలో హెచ్‌ఐవీ జన్యు పదార్థాన్ని వెతికే కొన్ని పరీక్షలు పొరపాటున పాజిటివ్ చూపించవచ్చు. ఉద్యోగం కోసమో, బీమా కోసమో అలాంటి పరీక్ష చేయవలసి వస్తే ముందే ఆ విషయం చెప్పి, కార్డు చూపించి, వేరే పద్ధతిలో నిర్ధారించమని కోరండి.